ఎండ ఉన్నా నీళ్ళు కాగకపోతే



కార్తీకం వచ్చిందంటే బీదరులో తెల్లవారుజాము ఎట్లా ఉంటుందో ఈ చుట్టుపక్కల వాళ్ళకు చెప్పనక్కరలేదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, ఎర్రరాతి గుట్ట మీద కూర్చున్న ఊరు ఇది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. అటు భాల్కి, ఔరాద్, ఇటు జహీరాబాద్, నారాయణఖేడ్, ఎక్కడైనా ఇంచుమించు ఇంతే. పగలు మాత్రం ఎండకు కొదవ లేదు. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ ఉన్న చోట డాబా మీద సోలార్ హీటరు పెట్టుకోవడం తెలివైన పనే. చాలామంది పెట్టుకున్నారు కూడా.

ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ హీటరు కొనడం గురించి కాదు. కొన్నాక, నాలుగేళ్ళు చక్కగా పనిచేశాక, ఒకరోజు నల్లా తిప్పితే చన్నీళ్ళు వస్తాయి. పైన ఎండ భగభగ మండుతూనే ఉంటుంది. అప్పుడు ఏం చూడాలి, ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలి అన్నదే నేటి ప్రసంగం.

ముందు మన పాత రాగి బంబును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హైదరాబాదు వాళ్ళు దాన్నే హమామ్ అంటారు. నడుమ గొట్టంలో బొగ్గులో, చిదుగులో వేసి మంట పెడతాం. చన్నీళ్ళు పైనున్న గరాటులో పోస్తాం. ఆ గరాటు గొట్టం లోపల అడుగుదాకా దిగి ఉంటుంది. చన్నీళ్ళు అడుగుకు చేరితే, కాగిన నీళ్ళు పైకి నెట్టుకొచ్చి ముక్కులోంచి బయట పడతాయి. అంటే కాగిన నీళ్ళు పైన, చన్నీళ్ళు కింద. ఆ బంబు చేసిన కంచరివాడు భౌతికశాస్త్రం చదువుకోలేదు గాని, ఈ ఒక్క సంగతి ఆయనకు బాగా తెలుసు.

డాబా మీది సోలార్ హీటరు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. నల్ల ప్యానెల్ లోపల అడుగున ఒక అడ్డగొట్టం, పైన ఒక అడ్డగొట్టం, రెండింటి నడుమ నిలువుగా తొమ్మిదో పదో సన్నని రాగి గొట్టాలు ఉంటాయి. ట్యాంకు ఈ ప్యానెల్ కంటే ఎత్తులో ఉంటుంది. ట్యాంకు అడుగు నుంచి చన్నీళ్ళు ఒక పైపులో దిగి ప్యానెల్ అడుగుకు వస్తాయి. ఎండకు కాగి, తేలికై, సన్న గొట్టాల్లో పైకి ఎక్కి, ప్యానెల్ తల నుంచి ఇంకో పైపులో ట్యాంకు పైభాగానికి చేరతాయి. పొద్దంతా ఈ తిరుగుడు జరుగుతూనే ఉంటుంది. మోటరు లేదు, కరెంటు లేదు.

మరి ఈ నీళ్ళను తిప్పే బలం ఎంత? 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 998 గ్రాములు తూగుతాయి. 60 డిగ్రీల నీళ్ళు 983 గ్రాములు తూగుతాయి. తేడా 15 గ్రాములు, అంటే ఒక పెద్ద చెమ్చాడు నీళ్ళ బరువు. ఆ చెమ్చాడు బరువే మన పంపు అన్నమాట. ఒక మీటరు ఎత్తు నిలువు గొట్టంలో ఇది ఒకటిన్నర సెంటీమీటరు నీటిమట్టం తేడాతో సమానం. నిజానికి ప్యానెల్లో నీళ్ళు అడుగున చల్లగా, పైన వేడిగా ఉంటాయి కాబట్టి అంత బలం కూడా దొరకదు. బోరుబావి మోటరు నీళ్ళను పదుల మీటర్లు ఎత్తి పోస్తుంది, దాని దారిలో చిన్న అడ్డం ఉంటే నెట్టుకుని పోతుంది. ఈ చెమ్చాడు బలానికి అంత శక్తి లేదు. వేలెడంత గాలి అడ్డం వచ్చినా అక్కడే ఆగిపోతుంది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తక్కినదంతా సులువుగా తెలుస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ అనే ఆయన 1909లోనే ట్యాంకును ప్యానెల్ నుంచి విడదీసి పైన పెట్టి, పగలు కాగిన నీళ్ళు రాత్రికీ వాడుకునే హీటరు అమ్మాడు. పాత ఫోర్డు మోడల్ టి కార్లలో ఇంజను చల్లబడడానికి చాలాకాలం ఇదే దారి. చలిదేశాల్లో ఇళ్ళను వెచ్చబరిచే బాయిలర్లు కూడా పంపులు రాకముందు ఇట్లాగే నడిచేవి. కింద గదిలో నీళ్ళు కాగి, పైపుల వెంట పై గదుల్లోని ఇనుప రేడియేటర్లలోకి ఎక్కి, చల్లారి మళ్ళీ కిందికి దిగేవి.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. నేను పైపుల పని చేయించడంలో ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి. అయినా నా డాబా మీది జబ్బు పట్టుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

మూడు చలికాలాల కింద, వానలు వెనకబడ్డాక, స్లాబు కారుతున్నదని పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. పనివాళ్ళు నాలుగు రోజులు చేసి వెళ్ళారు. ఆ వారంలోనే కార్తీకం మొదలైంది. మా అమ్మకు అప్పుడు ఎనభై రెండేళ్ళు. కార్తీకం నెలంతా తెల్లవారకముందే తలస్నానం చేసి దీపం పెట్టడం ఆమె అలవాటు. మొదటి రోజు పొద్దున్నే కేక వేసింది: "ఏందిరా, నీళ్ళు సల్లగనే ఉన్నయి!"

నిన్న మబ్బు పట్టిందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. నిచ్చెన వేసుకుని ఎక్కి ప్యానెల్ అద్దం తుడిచాను. దుమ్ము బాగానే ఉంది గాని, దుమ్ము వల్ల నీళ్ళు గోరువెచ్చన అవుతాయి తప్ప ఒక్కసారిగా చన్నీళ్ళు కావు. నాకది తట్టలేదు. తరవాత సున్నం పట్టిందేమోనని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు ప్యానెల్లో నింపి, సగం రోజు ఉంచి, కడిగాను. తెల్లటి పొడి కొంచెం వచ్చింది. నీళ్ళు మాత్రం కాగలేదు. హీటరు అమ్మినవాళ్ళ మనిషిని పిలిస్తే, ఆయన కింద నుంచే చూసి, "ప్యానెల్ పోయింది సార్, మార్చాలి, ఇరవై రెండు వేలు" అన్నాడు. చెయ్యి పెట్టి కూడా చూడలేదు. నాకు కోపం వచ్చింది. కాని ఆ మాటకొస్తే నేను మాత్రం ఏం చూశాను? తుడిచాను, కడిగాను, అంతే.

ఈలోగా మా అమ్మ ఎవరికీ చెప్పకుండా అటక మీది కరెంటు రాడ్డు తీసి స్టీలు బకెట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున నీళ్ళు కాగాయో లేదో చూద్దామని, స్విచ్చి ఆపకుండానే వేళ్ళు ముంచింది. చెయ్యి పట్టి గుంజినట్టయింది. కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండబట్టి బతికింది. రెండు రోజులు ఆ చెయ్యి పైకి లేవలేదు. నేను ఆ రాడ్డును విరగ్గొట్టి పారేశాను గాని, అది రాడ్డు తప్పు కాదని నాకు తెలుసు. ఈ మాట శ్రోతలకు ప్రత్యేకంగా చెబుతున్నాను: రాడ్డు వాడక తప్పకపోతే ప్లాస్టిక్ బకెట్లో పెట్టండి. ప్లగ్గు ఊడదీసి పక్కన పెట్టాకే నీళ్ళు ముట్టుకోండి. స్విచ్చి ఆపితే చాలదు.

ఆ సాయంత్రం ఇంగ్లండులో ఉన్న మా పెద్దబ్బాయి ఫోను చేశాడు. నాయనమ్మ సంగతి అడిగాక, వాళ్ళ ఇంటి గోడు చెప్పుకున్నాడు. పైఅంతస్తు గదిలో రేడియేటరు అడుగున వేడిగా ఉందట, పైభాగం మంచులా ఉందట. పక్కింటి పెద్దాయన వచ్చి, చిన్న తాళంచెవి లాంటి దానితో రేడియేటరు చివరన ఉన్న మర తిప్పితే, ఉస్సుమని గాలి పోయి, నాలుగు చుక్కల నీళ్ళు చింది, పది నిమిషాల్లో అంతా వేడెక్కిందట. "ఏముంది నాన్నా, గాలి చేరింది అంతే" అన్నాడు. ఆ మాట వినగానే ఫోను పట్టుకునే నేను డాబా వైపు చూశాను.

ఆ రేడియేటర్ల గురించి రెండు మాటలు చెబుతాను, మీ పిల్లలు కూడా ఆ దేశాల్లో ఉండవచ్చు. పైభాగం చల్లగా ఉంటే గాలి. కిందిభాగం, నడుమ చల్లగా ఉండి అంచులు వేడిగా ఉంటే లోపల తుప్పు బురద పేరుకుంది. బాయిలరుకు దగ్గరవన్నీ కాలుతూ, దూరపుది ఒక్కటే చల్లగా ఉంటే నీళ్ళు దగ్గరిదారి పట్టాయి. దగ్గరివాటి మర కొంచెం బిగించి దూరపుదానికి వదలాలి. గాలి తీసేముందు పంపు ఆపి, చల్లారనివ్వాలి. మా వాడు అది చెయ్యలేదు, చెయ్యి కాల్చుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు డాబా ఎక్కాను. ఈసారి బట్ట గాని చీపురు గాని తీసుకుపోలేదు. చెయ్యి మాత్రమే. మీరు కూడా చెయ్యవలసింది ఇదే. ఎండ బాగా ఉన్నప్పుడు ప్యానెల్ తల నుంచి ట్యాంకుకు పోయే పైపును, కింద నుంచి పై దాకా తడిమి చూడండి. వేడి ఎక్కువ ఉండవచ్చు, తడిబట్ట చుట్టుకుని ముట్టుకోండి. నీళ్ళు తిరుగుతుంటే ఆ పైపు పొడవునా వేడిగా ఉంటుంది, ప్యానెల్ అడుగుకు వచ్చే పైపు చల్లగానో గోరువెచ్చగానో ఉంటుంది. నీళ్ళు ఆగిపోతే ప్యానెల్ తల దగ్గర చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కొంతదూరం పోయాక పైపు ఉన్నట్టుండి చల్లబడుతుంది. ఎక్కడ చల్లబడిందో అక్కడే అడ్డం ఉంది.

మా పైపు నడుమకు వచ్చేసరికి చల్లబడింది. వంగి చూస్తే, దాని కింద ఒక ఇటుక. వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళు పైపు కింద సిమెంటు పూయడానికి దాన్ని ఎత్తి, ఇటుక పెట్టి, అట్లాగే వదిలేసి పోయారు. పైపు నడుమ నాలుగు వేళ్ళ ఎత్తు ఒంటె మూపురంలా లేచింది. నీళ్ళు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న గాలి బుడగలై బయటికి వస్తుంది. పైపు ఎక్కుడుగా ఉంటే ఆ బుడగలు జారుకుంటూ ట్యాంకులోకి, అక్కడి నుంచి గాలిగొట్టంలోంచి బయటికి పోతాయి. మూపురం ఉంటే అక్కడే గూడు కడతాయి. నాలుగు వేళ్ళ మూపురం దాటించడానికి మన చెమ్చాడు బలం చాలదు. మధ్యాహ్నం పూట పైనుంచి గుడగుడమని చప్పుడు వస్తున్నదని మా కోడలు రెండుసార్లు చెప్పింది కూడా. ప్యానెల్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు అది. నేను పావురాలు అనుకున్నాను.

నీళ్ళ దారిలో ఎత్తుపల్లాలు ఎంత ముఖ్యమో బీదరు వాళ్ళకు ఇంకొకరు చెప్పాలా! నౌబాద్ దగ్గర సురంగబావి ఉంది కదా, పదిహేనో శతాబ్దంలో బహమనీల కాలంలో పారశీక పద్ధతిలో తవ్వించిన కరేజ్. సుమారు 3 కిలోమీటర్ల సొరంగం, పైన 21 గాలిబావులు. అంత పొడవునా ఏ యంత్రమూ లేకుండా నీళ్ళు తమంత తాము నడిచాయంటే, తవ్వినవాళ్ళు భూమి కింద చీకట్లో కూడా వాలు తప్పలేదు. నేను పట్టపగలు నా డాబా మీద ఒక ఇటుకను పదకొండు రోజులు చూడలేకపోయాను.

ఇటుక తీశాను. రసమట్టం పెట్టి, ప్యానెల్ నుంచి ట్యాంకు దాకా పైపు మీటరుకు మూడు సెంటీమీటర్లయినా ఎక్కేటట్టు బిగించాను. తరవాత నీళ్ళు వదిలి మళ్ళీ నింపాలి. ఇది ఎండలో చెయ్యకూడదు. కాలిన గొట్టాల్లో చన్నీళ్ళు పడితే ఆవిరి కొడుతుంది, అద్దం పగలవచ్చు. పొద్దు పొడవకముందు చెయ్యండి, లేదా ప్యానెల్ మీద దుప్పటి కప్పి చల్లారాక చెయ్యండి. అడుగున ఉన్న మర తిప్పి నీళ్ళు వదిలెయ్యండి. మర మూసి, స్నానాలగదిలో వేడినీళ్ళ నల్లా తెరిచి, చన్నీళ్ళు మెల్లగా రానివ్వండి. మెల్లగా నింపితే నీళ్ళు కింద నుంచి గాలిని నెట్టుకుంటూ పైకి వస్తాయి. గబగబా నింపితే గాలి మూలల్లో చిక్కుతుంది. నల్లా ముందు చీదుతుంది, దగ్గుతుంది, తరవాత ఏకధారగా పడుతుంది. అప్పుడు కట్టెయ్యండి. ఆ రోజు సాయంత్రానికే మా ట్యాంకు కాగింది.

మీ ఇంట్లో ఇటుక ఉండకపోవచ్చు. ముందు ఒక ప్రశ్న వేసుకోండి: వేడి ఒక్కసారిగా పోయిందా, మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందా? మెల్లగా తగ్గితే సున్నం. ఒక్కసారిగా పోతే గాలి, లేదా నీటిమట్టం, లేదా ఎవరో తిప్పిన మర.

నీటిమట్టం సంగతి మన ఊళ్ళలో చాలా ఎక్కువ. నల్లా నీళ్ళు రాని రోజుల్లో పై ట్యాంకు ఖాళీ అవుతుంది. వేడినీళ్ళ ట్యాంకులో మట్టం కూడా తగ్గి, ప్యానెల్ నుంచి వచ్చే పైపు నోరు తేలిపోతుంది. నోరు నీళ్ళలో మునిగి లేకపోతే తిరుగుడు తెగిపోతుంది. అట్లాంటప్పుడు హీటరును తిట్టి లాభం లేదు. చన్నీళ్ళ ట్యాంకు అడుగు, వేడినీళ్ళ ట్యాంకు తల కంటే ఎత్తులో ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇంకో రకం ఉంది, అది ఎంత అనుభవం ఉన్న మేస్త్రీనైనా ఏమారుస్తుంది. పైన నీళ్ళు బ్రహ్మాండంగా కాగి ఉంటాయి, కింద నల్లాలో చల్లగా వస్తాయి. స్నానాలగదిలో వేడినీ చన్నీటినీ కలిపే మిక్సరు ఉంటుంది. రెండు మరలూ తెరిచి, చివరన చేతిలో పట్టుకునే నొక్కుడు షవరుతో ఆపితే, లోపల చన్నీళ్ళు వేడినీళ్ళ పైపులోకి ఎదురెక్కుతాయి. పరీక్ష చాలా తేలిక. హీటరుకు చన్నీళ్ళు వచ్చే మర మూసి, వేడినీళ్ళ నల్లా తెరవండి. ఒక నిమిషంలో ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, ఇంట్లో ఎక్కడో చన్నీళ్ళు ఇటు దూరుతున్నాయి.

సాయంత్రం బాగా కాగి, పొద్దుటికి చల్లారిపోతే తిరుగుడు తలకిందులవుతున్నదేమో చూడండి. రాత్రి ప్యానెల్ చల్లబడి, అందులో నీళ్ళు బరువెక్కి, ట్యాంకు వేడిని కిందికి గుంజుతాయి. ట్యాంకు అడుగు ప్యానెల్ తల కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే ఈ బెడద చాలావరకు ఉండదు. సూర్యోదయానికి ముందు ప్యానెల్ తల దగ్గర పైపు ముట్టుకుని చూడండి. అది వెచ్చగా ఉంటే దొంగ దొరికినట్టే.

ఇక సున్నం. బీదరు గుట్ట పైపొర ఎర్రరాయి, దాని కింద నల్లరాయి. ఎర్రరాతి బావుల నీళ్ళు సాధారణంగా తేలిక. లోతు బోరు వేసి నల్లరాతిలోకి దిగితే నీళ్ళు బరువు. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు కాఠిన్యం ఉంటే మంచిదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా పరవాలేదని తాగునీటికి మన దేశపు ప్రమాణం. తాగడానికి పనికివచ్చే నీళ్ళు కూడా అర అంగుళం రాగి గొట్టాన్ని కొన్నేళ్ళలో పూడ్చెయ్యగలవు. బోరునీళ్ళు వాడేవాళ్ళు ఏడాదికోసారి నిమ్మ ఉప్పుతో కడిగించుకోండి. బాత్రూములు కడిగే ఆసిడ్ మాత్రం పొయ్యకండి, అది సున్నంతో పాటు అతుకులనూ తింటుంది. నీళ్ళు మరీ బరువైతే, ప్యానెల్లో ఒకే నీళ్ళు తిరుగుతూ, వాడే నీళ్ళను బయటి నుంచి వేడిచేసే రకం ఉంది. ఖరీదు ఎక్కువే గాని గొట్టాలు పూడవు.

గాజు గొట్టాల రకం వాళ్ళకు ఈ మూపురం బాధ లేదు. ప్రతి గొట్టం నేరుగా ట్యాంకులోకి తెరుచుకుని, దానిలో అదే తిప్పుకుంటుంది. అడుగున మట్టి, సున్నం చేరతాయి. ఖాళీగా ఎండిన గొట్టంలో మిట్టమధ్యాహ్నం చన్నీళ్ళు వదిలితే టప్పున పగులుతుంది.

ట్యాంకు మీద నిటారుగా నిలబడిన సన్నటి గాలిగొట్టం ఒకటి ఉంటుంది. దాంట్లోంచి అప్పుడప్పుడు నీళ్ళు చిందుతున్నాయని కొందరు గుడ్డ కుక్కుతారు, కొందరు బిరడా బిగిస్తారు. దయచేసి ఆ పని ఎవరూ చెయ్యవద్దు. గాలికి, ఆవిరికి అదొక్కటే దారి. అది మూసుకుంటే ట్యాంకు ఉబ్బి అతుకు తెగవచ్చు. నీళ్ళు వదిలేటప్పుడు లోపలికి గాలి పోక, ట్యాంకు డొక్క లోపలికి అణిగిపోనూవచ్చు.

తిరుగుడు బాగుపడ్డాక ఇంకో ప్రమాదం ఉంది. ఎండ మంచిగా ఉన్న రోజుల్లో నీళ్ళు 60 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడిలో పెద్దవాళ్ళ చర్మమే కొన్ని క్షణాల్లో కాలుతుంది, పసిపిల్లల సంగతి వేరే చెప్పాలా. బకెట్లో ముందు చన్నీళ్ళు పట్టి, తరవాత వేడినీళ్ళు కలపండి. బాగుచేసిన మర్నాడు మా అమ్మ నల్లా తిప్పి, చెయ్యి వెనక్కి గుంజుకుని, "ఇప్పుడు పొగలు కక్కుతున్నయి, సల్లనీళ్ళు పొయ్యిరా" అంది. నేను పోశాను.

దీపావళి ముందు సున్నాలు వేసేవాళ్ళు, కేబుల్ వైరు లాగేవాళ్ళు, ఒడియాలు ఎండబెట్టడానికి తాడు కట్టేవాళ్ళు, ఎవరో ఒకరు డాబా ఎక్కుతూనే ఉంటారు. వాళ్ళు దిగిపోయిన సాయంత్రం ఒకసారి మీరు ఎక్కి, ఆ పైపు కింద ఏముందో చూసి రండి.